నాటిక, సీరియల్, తరగతి: మూడూ ఒక్కచేత్తో నడుస్తాయా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను, జీతం 28 వేలు. నాలుగు నాటికలు రాశాను. రెండు, పరిషత్తు (నాటక పోటీలు పెట్టే సంస్థ) పోటీలకు వెళ్లాయి, ఒకదానికి ఉత్తమ రచన బహుమతి వచ్చింది. ఏడాదిగా ఒక డైలీ సీరియల్ మాటల రచయితకు సహాయకురాలిగా ఎపిసోడ్‌కు 1,200 చొప్పున రాసిస్తున్నాను. తెర మీద పేరు పడదు. ఇప్పుడు అదే సంస్థవాళ్లు ‘హైదరాబాద్ వచ్చేయండి, కొత్త సీరియల్‌కు మాటలు మీరే రాద్దురుగాని’ అంటున్నారు. ఇక్కడ ఒక సాంస్కృతిక సంస్థ నాటక రచన మీద పది వారాలు తరగతులు చెప్పమంది, మొత్తం 15 వేలు ఇస్తారట. ఉద్యోగం మానేయనా? రాయడం అసలు ఒకరు నేర్పితే వచ్చేదేనా? ఇంకో సంగతి, నా బహుమతి నాటికను నాకు చెప్పకుండానే వేరే నాటక సమాజాలు ఆడేస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఈ విద్యాసంవత్సరం అయ్యేదాకా ఉద్యోగం మానకండి. తరగతులు ఒప్పుకోండి, కానీ 15 వేలకు కాదు. సీరియల్‌ను కాదనకండి, ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి కాబట్టి ఏప్రిల్ దాకా గడువు అడగండి. గడువు ఇవ్వకపోతే వదిలేయడమే మేలు. ఎందుకో లెక్క వేసి చూడండి.

సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లు. అరగంట స్లాటులో ప్రకటనలు పోను కథ 20 నుంచి 22 నిమిషాలు. అంటే వారానికి రెండు గంటల పైచిలుకు. మీరు ఒక నాటికకు ఎన్ని నెలలు కూర్చున్నారో మీకు తెలుసు. నిడివిలో అలాంటివి ఇక్కడ వారానికి రెండు కావాలి. ఎపిసోడ్‌కు నాలుగు గంటలనుకున్నా వారానికి 24 గంటలు. ఇది సవ్యంగా సాగినప్పటి లెక్క. ఒక నటి సెలవు పెట్టినా, లొకేషన్ దొరక్కపోయినా, టీఆర్పీ పడిపోయి ఛానెల్ వాళ్లు కథ ట్రాక్ మార్చమన్నా, రాసింది పక్కనపెట్టి రాత్రికి రాత్రి మళ్లీ రాయాలి. దీనికి కాలేజీ పీరియడ్లు, పేపర్లు దిద్దడం, తరగతులు కలిపితే రెండు నెలలు కూడా లాగలేరు. ముందు దెబ్బ తినేది నాటికే, దానికి గడువు పెట్టి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కనుక.

డబ్బు సంగతీ చూడాలి. సీరియల్ పారితోషికం చాలాచోట్ల రాసిన నెలలో రాదు. ఎపిసోడ్ ప్రసారమై, ఛానెల్ నుంచి నిర్మాతకు ముట్టాక మీ వంతు వస్తుంది. రెండు మూడు నెలలు ఆలస్యం కావడం ఈ రంగంలో మామూలే. హైదరాబాద్‌లో అద్దెతో సహా నెలకు 35 వేలు అవుతుందనుకుంటే, ఆరు నెలల ఖర్చు 2 లక్షల 10 వేలు చేతిలో లేకుండా రైలెక్కవద్దు. సీరియల్ మధ్యలో ఆగిపోవడమూ, రచయితను మార్చేయడమూ రోజూ జరిగేవే. మార్చినప్పుడు ముందుగా చెబుతారని కూడా అనుకోకండి.

కాబట్టి మాట ఇచ్చేముందు వాట్సాప్‌లోనైనా సరే, రాతలో తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎపిసోడ్‌కు ఎంత, ఏ తేదీన ఇస్తారు? షూటింగ్‌కు ఎన్ని రోజుల ముందు సీన్ ఆర్డర్ (ఏ సీన్‌లో ఏం జరగాలో చెప్పే వరుస) మీ చేతికొస్తుంది? మాటలు మాత్రమేనా, స్క్రీన్‌ప్లే కూడా మీ నెత్తిన పెడతారా? (‘మాటలే’ అని పిలిచి మూడో వారానికి స్క్రీన్‌ప్లే కూడా రాయించుకోవడం పాత అలవాటు.) ఒకసారి ఒప్పుకున్న సీన్‌ను తిరగరాయమంటే ఎన్నిసార్ల దాకా ఉచితం? టైటిల్స్‌లో పేరు ఏ హోదాతో పడుతుంది? మాన్పించదలిస్తే ఎన్ని ఎపిసోడ్ల ముందు చెబుతారు? చివరి ప్రశ్నకు పన్నెండు ఎపిసోడ్లు, అంటే రెండు వారాలు, న్యాయమైన అడుగు. ఇప్పుడు చేస్తున్న సహాయక పనికి కూడా ‘సహ రచన’ అని పేరు అడగండి. ఇవ్వకపోవచ్చు. అడగనిదే మాత్రం ఎప్పటికీ రాదు.

మీరు మొదట తడబడేది పని భారం దగ్గర కాదు, వాక్యం దగ్గర. పరిషత్తు నటుడు నెలల తరబడి రిహార్సల్ చేసి వాక్యాన్ని నోటికి పట్టిస్తాడు. సీరియల్లో డైలాగ్ పేపర్ సెట్లోనే చేతికొస్తుంది. తెలుగు సీరియళ్లలో ప్రధాన పాత్రలు వేసేవాళ్లలో కన్నడం ఇంటిభాష అయినవాళ్లు చాలామంది ఉన్నారు. అసిస్టెంట్ డైరెక్టర్ పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటే అందుకుని చెబుతారు, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వేస్తారు. నాటికలో చెల్లెలు ఇలా అనవచ్చు:

‘మూడు నెలలుగా నాన్న పెన్షన్ నీ అవసరాలకు వాడుకుంటున్నావని అమ్మకు తెలిసిన రోజున ఈ ఇంట్లో ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించావా అన్నయ్యా?’

దీన్ని ప్రాంప్టర్ ఒక్క ఊపిరిలో అందించలేడు, నటి ఒక్క ఊపిరిలో అందుకోలేదు. మధ్యలో ఎక్కడ తెగినా క్రియ చివర ఉంది కనుక అర్థం తేలదు. సీరియల్‌కు అదే మాట ‘అన్నయ్యా, నాన్న పెన్షన్ ఏది?’, ‘మూడు నెలలుగా ఏది?’, ‘అమ్మకి తెలిస్తే?’ అని మూడు ముక్కలు కావాలి. ఒక్కో ముక్కకు ఎదుటివాళ్ల ముఖం మీద ఒక్కో షాట్ పడుతుంది. ఇది తక్కువ రకం రచన అనుకోవద్దు. దీని కొలత వేరు, అంతే. అయితే ఏడాది పాటు ఈ కొలతకే రాస్తే నాటికలో కూడా పాత్రలు ముక్కలుగానే మాట్లాడటం మొదలవుతుంది. వారంలో కనీసం రెండు పొద్దుటి పూటలు నాటికకు విడిగా ఉంచండి, సీరియల్ ఫైలు తెరవకముందు.

నాటకం నుంచి తెరకు వెళ్లినవాళ్లు మనకు కొత్త కాదు. ఆత్రేయ, గణేశ్ పాత్రో, తనికెళ్ల భరణి నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాకే సినిమాకు వెళ్లారు. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణి ఉద్యోగంలో ఉంటూనే సినిమాలకు రాశారు. పరుచూరి గోపాలకృష్ణ తెలుగు లెక్చరర్‌గా పనిచేసినవారే. వీరిలో ఎవరికి ఎంత కలిసొచ్చిందన్నది అలా ఉంచి, ఉద్యోగం చేతిలో ఉండటం రచనకు అడ్డమన్న మాట మాత్రం నిలవదు.

ఇక నేర్పడం. రాయడంలో నేర్పగలిగేది చాలా ఉంది. సీన్‌లోకి ఎప్పుడు దిగాలి, ఎప్పుడు బయటపడాలి, పాత్రకు ఈ నిమిషంలో ఏం కావాలి, దాన్ని ఎవరు అడ్డుకుంటున్నారు, ఏ మాట తీసేస్తే సీన్ బలపడుతుంది: ఇవన్నీ చెబితే వచ్చేవే. లోకం మీద ఆసక్తి, మనుషుల మాట మీద చెవి లేనివాళ్లకు మాత్రం పది వారాల్లో ఏమీ చేయలేం. చెవి ఉన్నవాళ్లకు అది పదునెక్కుతుంది.

నిర్వాహకులు ‘ముప్పై మందిని చేర్చాం మేడం’ అని సంతోషంగా ఫోన్ చేస్తారు. ఒప్పుకోకండి. తొమ్మిది మంది చాలు. మొదటి వారం ఎవరి రచనా చదివించవద్దు. మిగిలిన తొమ్మిది వారాల్లో వారానికి ఇద్దరి రచనలు చొప్పున చదివిస్తే పద్దెనిమిది చదువులు, అంటే ఒక్కొక్కరికి సరిగ్గా రెండు అవకాశాలు. రెండోసారి చదివించేది కొత్త సీన్ కాకూడదు, మొదటిసారి చదివించినదాన్నే తిరగరాసి తేవాలి. అసలు పాఠం అదే. ముప్పై మంది ఉంటే అది ఉపన్యాసమవుతుంది, చప్పట్లు బాగా పడతాయి, ఒక్క సీన్ కూడా బాగుపడదు.

రెండు గంటల తరగతిని ఇలా పంచుకోవచ్చు. మొదటి అరగంట అచ్చయిన నాటకంలో ఒక సీన్‌ను విప్పి చూపడం. తర్వాత ఇద్దరి రచనలకు గంట. మిగిలిన అరగంట అక్కడికక్కడ రాసే అభ్యాసం. ఒక్కో రచన నాలుగు పేజీలు మించకూడదు, రెండు రోజుల ముందే అందరికీ చేరాలి. చదివేది రాసినవాళ్లు కాకూడదు, తరగతిలో వేరే ఇద్దరు ముగ్గురు పాత్రలు పంచుకుని చదవాలి. రచయితే చదివితే కాగితం మీద లేని భావం గొంతులో కలిపేస్తాడు, లోపం ఎవరికీ వినపడదు. చర్చలో రచయిత నోరు విప్పకూడదు. ముందుగా ‘ఇక్కడ ఏం జరిగిందని మీకు అర్థమైంది?’ అని మిగతావాళ్లను అడగండి. ఆ తర్వాత శ్రద్ధ ఎక్కడ జారిందో పేజీ నంబరుతో చెప్పమనండి. ‘నేనైతే ఇలా రాసేవాణ్ని’ అనే మాట మొదటివారమే నిషేధించండి. ప్రతి బృందంలోనూ గొంతు పెద్దవాడు ఒకడుంటాడు, వాడు మిగతా ఎనిమిది మంది చేతా తన నాటకమే రాయిస్తాడు. ఆ తప్పు మీరు కూడా చేయగలరు. మీ సూచనలన్నీ తు.చ. తప్పకుండా పాటించే విద్యార్థి కనిపిస్తే అనుమానించండి.

మొదటి అభ్యాసానికి పైన చెప్పిన పెన్షన్ సంగతే ఇవ్వవచ్చు. అన్న, చెల్లి, ఒక పాస్‌బుక్, పదిహేను నిమిషాలు. నూటికి తొంభై మంది ఇలా రాసుకొస్తారు:

చెల్లి: మూడు నెలలుగా నాన్న పెన్షన్ నువ్వే వాడుకుంటున్నావని నాకు తెలిసిపోయింది అన్నయ్యా.
అన్న: పరిస్థితులు నా చేత అలా చేయించాయమ్మా. వ్యాపారంలో దెబ్బతిన్నాను.

రెండు వాక్యాల్లో సీన్ అయిపోయింది. దాచినవాడు దాచలేదు, కనిపెట్టినామె ఆగలేదు. ఇప్పుడు ‘పెన్షన్’ అన్న మాట ఇద్దరి నోటా రాకూడదని షరతు పెట్టి మళ్లీ రాయించండి:

చెల్లి: నాన్న మందులకి ఎంతయింది?
అన్న: చూడాలి. రెండు వేలయి ఉంటుంది.
చెల్లి: పోయిన నెల?
అన్న: అంతే. ఏం?
చెల్లి: (పాస్‌బుక్ టీపాయ్ మీద పెట్టి) ఏం లేదు. కాఫీ తాగుతావా?

ఇక్కడ నటుడికి చేయడానికి పని దొరికింది. అన్న ఆ పుస్తకాన్ని తెరుస్తాడా, జేబులో పెట్టుకుంటాడా, చూడనట్టు కాఫీ అడుగుతాడా అన్నదాని మీద తర్వాతి అయిదు నిమిషాలు నడుస్తాయి. ఈ తేడా కళ్లతో చూసిన విద్యార్థికి ‘సబ్‌టెక్స్ట్’ (మాటల వెనక దాగిన అర్థం) అని మీరు విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

తిరగరాయడం మీద గురి కుదరడానికి మన దగ్గరే గొప్ప పాఠ్యపుస్తకం ఉంది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం చదివేది, ఆడేది ఎక్కువగా ఆ రెండోదే. మొదటి కూర్పు కూడా అచ్చులో వచ్చింది, సంపాదించండి. ఒకే ఘట్టాన్ని రెండింటి నుంచీ జిరాక్స్ తీసి పక్కపక్కన పెట్టి, ఏ మాట ఎందుకు పోయింది, ఏ పాత్రకు చోటు పెరిగింది అని రెండు వారాలు చర్చించవచ్చు.

పరిషత్తుకు రాసేవాళ్లు తరగతిలో ఉంటే కొన్ని పనికొచ్చే హద్దులు ముందే చెప్పేయండి. నాటిక నిడివి చాలా పరిషత్తుల్లో గంట లోపు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ నిబంధనల పత్రంలో ఉంటాయి, దాటితే మార్కులు పోవడమో పోటీ నుంచే తప్పించడమో జరుగుతుంది. రాసింది గడియారం పెట్టుకుని పైకి చదివినప్పుడు 50 నిమిషాలు దాటిందంటే, స్టేజి మీద రాకపోకలు, నేపథ్య సంగీతం, నవ్వులకు ఆగడం కలిసి గంటకు చేరుతుంది. ఒకే సెట్టు, అయిదారు పాత్రలు అయితే సమాజాలు ముందుకొస్తాయి. స్త్రీ పాత్రలకు ఎక్కువ సమాజాలు ప్రదర్శనకు ఇంతని పారితోషికం ఇచ్చి నటీమణులను పిలుస్తాయి కాబట్టి నాలుగు స్త్రీ పాత్రలున్న నాటిక చూడగానే బడ్జెట్ గుర్తొచ్చి వెనక్కి ఇచ్చేస్తారు. దీనికి భయపడి ఇంట్లో ఆడవాళ్లే లేని కుటుంబ నాటికలు రాయడం మన వేదికకు పట్టిన జబ్బు. రెండు బలమైన స్త్రీ పాత్రలు రాయండి, అలంకారానికి వచ్చే మూడోది తీసేయండి. రెండో జబ్బు, చివరి అయిదు నిమిషాల్లో పెద్దాయన ముందుకొచ్చి ప్రేక్షకులకు సందేశం ఇవ్వడం. ఆ పేజీని పూర్తిగా కొట్టేసి నాటికను మళ్లీ చదివించండి. అర్థం కాలేదని ఎవరైనా అంటే లోపం మధ్యలో ఉంది, చివర్లో కాదు.

ఫీజు లెక్కకు వస్తే, తరగతి 2 గంటలు, సిద్ధం కావడానికి 2 గంటలు, ఇద్దరి రచనల మీద రాతపూర్వక వ్యాఖ్యలకు ఒక్కోదానికి 40 నిమిషాలు. వారానికి దాదాపు అయిదున్నర గంటలు. పది వారాలకు 55 గంటల దాకా. 15 వేలంటే గంటకు 270 చిల్లర. 25 వేలు అడగండి. అంత లేదంటే మీ వైపు నుంచి తగ్గించాల్సింది వారాలను, వ్యాఖ్యలను కాదు. అదే డబ్బుకు ఆరు వారాలు, అయిదుగురు విద్యార్థులు అనండి. సగం మొదటి తరగతికి ముందే తీసుకోండి. మీ కాలేజీ నియామక పత్రంలో బయట బోధించరాదన్న షరతు ఉందేమో చూసుకుని, ఉంటే ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి కాగితం తీసుకోండి. విద్యార్థుల ఆలోచనలు మీ సీరియల్లోకి రాకూడదు, సీరియల్ సీన్లు తరగతిలోకి రాకూడదు. ఈ రెండూ మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి, లేకపోతే ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు ‘నా కథ ఎత్తేశారు’ అంటారు.

ఇదే జీవనోపాధి కావాలనుకుంటే చదువు కూడా పెట్టుకోండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం, మూడింటిలోనూ రంగస్థల కళల శాఖలున్నాయి. యూజీసీ నెట్‌లో (అధ్యాపక అర్హత పరీక్ష) నృత్యం, నాటకం కలిపి ఒక సబ్జెక్టు ఉంది. స్క్రీన్‌ప్లే వైపు పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే స్వల్పకాలిక కోర్సులు ఉద్యోగం మానకుండానే చేయవచ్చు. సీరియల్ సంస్థ మీకిచ్చే డబ్బులోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పదిశాతం కోస్తే అది మీ పాన్ మీద జమయిందో లేదో చూసుకుని రిటర్ను వేయండి, చాలామంది ఆ డబ్బు అక్కడే వదిలేస్తారు.

ఇక అడక్కుండా ఆడుతున్న నాటిక. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. బహుమతి నాటిక కనుక 500 రూపాయలు కట్టి చేయించుకుంటే తేదీకి సాక్ష్యం ఉంటుంది. కానీ ఒక చిక్కు ముందే తెలుసుకోండి. ఔత్సాహిక నాటక సమాజం టికెట్ లేని ప్రేక్షకుల ముందు ఆడితే ఆ చట్టమే దాన్ని ఉల్లంఘన కాదంటుంది. పరిషత్తు ప్రదర్శనలు చాలావరకు ఉచితమే. కాబట్టి లాయరు నోటీసు మీకు పెద్ద ఆయుధం కాదు. మీ బలం పరిషత్తు నిబంధనలో ఉంది: రచయిత అనుమతి పత్రం జతచేయాలని అనేక పరిషత్తులు అడుగుతాయి. పోటీ ప్రకటన రాగానే, స్క్రూటినీ (పోటీకి నాటికలను ఎంపిక చేసే పరిశీలన) జరగకముందే కార్యదర్శికి ఒక ఉత్తరం పంపండి: ‘ఈ నాటిక రచయిత్రిని నేను, నా సంతకంతో పత్రం లేని ఎంట్రీని దయచేసి అనుమతించవద్దు’ అని. ప్రదర్శన అయిపోయాక పంపే ఫిర్యాదుకు క్షమాపణ వస్తుంది, ఫలితం రాదు.

అడిగి ఆడేవాళ్లకు మీరిచ్చే పత్రంలో సమాజం పేరు, ఎన్ని ప్రదర్శనలు, ఏ తేదీ దాకా, ప్రదర్శనకు ఎంత, కరపత్రంలోనూ మైకులోనూ రచయిత పేరు, మీకు చెప్పకుండా సంభాషణలు మార్చరాదన్న మాట ఉండాలి. హక్కులే రాసిచ్చే సందర్భం, అంటే సినిమాకో వెబ్ సిరీస్‌కో, వస్తే గడువు రాయించడం మరవకండి. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేనంతవరకు హక్కు మీకు తిరిగొస్తుంది. అందుకే నిర్మాతల ఒప్పందాల్లో ఆ ‘వేరేలా’ వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవండి.

పత్రంలో వీడియోకు విడిగా ఒక గీత ఉండాలి. పరిషత్తు ప్రదర్శనలు ఇప్పుడు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వెళ్లిపోతున్నాయి. ఉచిత ప్రదర్శనకు చట్టం ఇచ్చిన వెసులుబాటు ఆ అప్‌లోడ్‌కు వర్తించదు. మీ నాటికను కాగితం లేకుండా ఆడినవాళ్లు బహుశా ఆ వీడియో చూసే మాటలు ఎక్కించుకుని ఉంటారు. పాత వీడియోలు ఏవేవి ఉన్నాయో ఈ వారమే వెతికి, పెట్టినవాళ్లకు రాయండి. వివరణలో రచయిత పేరు, అనుమతికి ఈమెయిల్ చేర్చితే ఉంచుకోవచ్చని, లేకపోతే తీసేయాలని.